నూరేళ్లు నిండిన కళాశాల

ప్రభుత్వ ప్రాంతీయ వైద్య, ఫార్మసీ కళాశాల వచ్చే నెల పదిహేనో తారీఖున శతాబ్ది ఉత్సవాలు జరుపుకోబోతున్నదని, ఈ వందేళ్లలో ఆ విద్యాలయం మానవజాతికి చేసిన సేవను తూచడానికి ఏ త్రాసూ చాలదని ఆరోగ్యశాఖ మంత్రిగారు సోమవారం ప్రకటించారు. ఆ సంగతి కళాశాలకు మంగళవారం పొద్దున్న పేపరు చూశాక తెలిసింది.

అందరికన్నా ముందు తెలిసింది లైబ్రేరియనమ్మకి. రోజూ ఎనిమిదిన్నరకే వచ్చి, పేపర్లమీద కాలేజీ ముద్ర కొట్టి, బల్లమీద సర్దడం ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆవిడ చేస్తున్న పని. ఆ రోజు ముద్ర పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. బీరువా తెరిచి, మొట్టమొదటి అడ్మిషన్ల రిజిస్టరు తీసి, పైన వేసిన సంవత్సరం చూసి వేళ్లమీద లెక్కపెట్టుకుంది. అరవై రెండు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టింది. అయినా అరవై రెండే.

పేపరు పట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్లింది. ప్రిన్సిపాల్‌గారు ఒకప్పుడు సర్జరీలో బంగారు పతకం అందుకున్న మనిషి. ఆ కుర్చీలోకి వచ్చాక ఆయన చేతిలో కత్తెర కనపడేది రిబ్బను కత్తిరించమని మంత్రిగారికి అందించేటప్పుడే.

"సార్, పేపర్లో తప్పు పడింది. మన కాలేజీకి అరవై రెండేళ్లే."

"తప్పు పడలేదమ్మా. మంత్రిగారు చెప్పిందే పడింది."

"అయితే మంత్రిగారికి ఎవరో తప్పు చెప్పుంటారు."

"మంత్రిగారికి ఎవరూ ఏమీ చెప్పరమ్మా. ఆయనే మనకి చెబుతారు." ప్రిన్సిపాల్ తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. "పక్క జిల్లా కాలేజీకి పోయిన నెల డెబ్భై ఐదేళ్ల ఉత్సవం చేశారు. అక్కడి మంత్రిగారి ఫొటో మొదటి పేజీలో పడింది. చూస్తూ మనవారు ఊరుకుంటారా?"

"డెబ్భై ఆరు అన్నా సరిపోయేది కద సార్."

ప్రిన్సిపాల్ ఆవిడ వైపు జాలిగా చూశారు. "డెబ్భై ఆరంటే పోటీ అనిపించుకుంటుంది. వందంటే చరిత్ర. ఆ చరిత్ర రాసేది మీరే."

అసలు చరిత్ర ఏమిటో ఆవిడకు తెలిసినంతగా ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. అరవై రెండేళ్ల క్రితం ఊరంతా వాంతులు, విరేచనాలతో మంచం పట్టినప్పుడు, రెండు ట్రంకు పెట్టెలతో ఒక డాక్టరమ్మ దిగింది. మూతపడి ఉన్న ఒక గోడౌను తాళం తీయించి, తనే చీపురు పట్టుకుంది. కాస్త చదువుకున్న పదకొండు మందిని పోగేసి, నీళ్లు కాచడం, ఉప్పు తూచడం, వడకట్టడం, సీసాల్లో నింపడం నేర్పింది. జబ్బు తగ్గాక కూడా ఆ పదకొండుమంది ఇళ్లకు పోలేదు. ఇంకా నేర్పమన్నారు. ఆవిడ ప్రభుత్వానికి ఉత్తరంమీద ఉత్తరం రాసింది. తొమ్మిదో ఉత్తరానికి అనుమతి వచ్చింది. అలా మొదలైన కాలేజీ అది. పంతొమ్మిదేళ్లు నడిపి, వెనక క్వార్టర్స్‌లోనే ఆవిడ కన్నుమూసింది. ఆ పదకొండు మందిలో ఇప్పటికి బతికున్నది ఒక్కరే. ఆ ఒక్కరూ లైబ్రేరియనమ్మ అత్తగారే.

శతాబ్ది చరిత్ర నిర్ధారణ కమిటీ గెస్ట్‌హౌస్‌లో సమావేశమైంది. అధ్యక్షులు మంత్రిగారు. సభ్యులు ప్రిన్సిపాల్‌గారు. సభ్య కార్యదర్శి లైబ్రేరియనమ్మ. రిజిస్టరు ముందుపెట్టి ఆవిడ ఉన్న మాట చెప్పింది. మంత్రిగారు కోప్పడలేదు. పెద్ద మనసు కనక చిరునవ్వు నవ్వారు.

"అయితే తక్కువైంది ముప్ఫై ఎనిమిదేళ్లేగా? ఇంత పెద్ద ప్రభుత్వం దగ్గర ముప్ఫై ఎనిమిదేళ్లు దొరకవా?"

మంత్రిగారు రిజిస్టరు మూసి పక్కకు జరిపారు.

"కాలేజీ పెట్టకముందు ఆ గోడౌన్లో ఏముండేదమ్మా?"

లైబ్రేరియనమ్మ నసిగింది. "మొదట ఇరవై ఏళ్లు, రాళ్లు పేల్చే క్వారీవాళ్లు మందు నిల్వ చేసుకునేవారు సార్."

"మందు!" అన్నారు మంత్రిగారు.

"పేలుడు మందు సార్."

"రకం తర్వాత చూద్దాం. ఆ తర్వాత?"

"ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు..." ఆవిడ కళ్లజోడు సర్దుకుంది. "సారా డిపో."

"అంటే?"

"అదీ మందే సార్," అన్నారు ప్రిన్సిపాల్ వినయంగా.

మంత్రిగారు కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి ఆ కళ్లు చెమ్మగిల్లి ఉన్నాయి. "ఇరవై ఏళ్లు మందు. పద్దెనిమిదేళ్లు మందు. అరవై రెండేళ్లు మందు. ఒకే చోట, వందేళ్లు, ఒక్కరోజు తెరిపి లేకుండా మందు! ప్రపంచంలో ఇంకే ఫార్మసీకి ఉందయ్యా ఇంత చరిత్ర?"

లెక్క చక్కగా సరిపోయింది. అక్కడితో ఆగినా బాగుండేది. కానీ లైబ్రేరియనమ్మకు ఉన్నదంతా చెప్పేసే జబ్బుంది. "సార్, ఆ డిపో నడిపింది... మీ తాతగారు."

ప్రిన్సిపాల్ బూట్ల వైపు చూసుకున్నారు. మంత్రిగారు లేచి కిటికీ దాకా వెళ్లి, వెనక్కి తిరిగారు.

"తాతయ్య దగ్గరికి రోజుకి ఎంతమంది వచ్చేవారు?"

"మూడు వందల దాకా వచ్చేవారని పాత పోలీసు కాగితంలో ఉంది సార్."

"ఔట్‌పేషెంట్లు," అన్నారు ప్రిన్సిపాల్.

"కొందరు అక్కడే పడిపోయి, తెల్లారాక లేచేవారని కూడా ఉంది."

"ఇన్‌పేషెంట్లు," అని ప్రిన్సిపాల్ రాసుకున్నారు.

ఆ విధంగా ఫార్మసీ విభాగానికి సంస్థాపకులు దొరికారు. లైబ్రేరియనమ్మ బయటికొచ్చాక ప్రిన్సిపాల్‌ని వరండాలో నిలబెట్టేసింది. "నేను రాయను సార్. డాక్టరమ్మ ఏమైపోవాలి?"

"ఏమీ అయిపోదమ్మా. మీరు రాయకపోతే మంత్రిగారి పీఏ రాస్తాడు. అతను రాస్తే డాక్టరమ్మ పేరే ఉండదు. మీరు రాస్తే ఒక పేజీ ఇప్పిస్తాను. ఫొటోతో సహా, పూర్తి పేజీ. నా మాట."

ఆవిడ రెండు రోజులు తిండి సయించక తిరిగింది. చివరికి ఆ ఒక్క పేజీ కోసం తొంభై తొమ్మిది పేజీలు రాసింది.

ఇంట్లో ఉండేది అత్తాకోడళ్లిద్దరే. కోడలు రాసిన కాగితాలు అత్తగారు భూతద్దం పెట్టి చదివింది. ఎనభై ఏళ్ల మనిషి. మాట మాత్రం ఇప్పటికీ కొలిచి తూచినట్టుంటుంది.

"అమ్మాయ్, నేను పద్దెనిమిదో ఏట చేరాను కదా?"

"అవునత్తయ్యా."

"మొదటి బ్యాచ్‌లోనే కదా?"

"అవును."

"మీ లెక్కన నాకిప్పుడు నూట పద్దెనిమిది. ఈ మందు బిళ్లలు ఇక మానేయొచ్చంటావా?"

కోడలు తల దించుకుంది. అత్తగారు కాగితాలు మడిచి ఆవిడ చేతిలో పెట్టింది. "ఆ డిపో గోడల కంపు పోవడానికి పదకొండు మందిమి నాలుగు రోజులు కడిగాం. డాక్టరమ్మ చేతులు బొబ్బలెక్కాయి. అది కూడా రాశావా?"

"ఆవిడ పేజీలో రాశానత్తయ్యా."

పుస్తకం అచ్చయి వచ్చింది. మంచి నున్నటి కాగితం, బంగారు అక్షరాల అట్ట. లైబ్రేరియనమ్మ గబగబా డాక్టరమ్మ పేజీ వెతికింది. పేజీ ఉంది. అందులో మంత్రిగారి సందేశం ఉంది. మొదటి పేజీలో ఉన్న సందేశమే. పాఠకులు మరిచిపోతారేమోనని రెండోసారి వేశారు. డాక్టరమ్మ ఫొటో మాత్రం మాట ప్రకారం వేశారు. ఎనభై ఏడో పేజీలో, కింద మూలన, స్టాంపు బిళ్లంత. దాని కింద ఒక్క వాక్యం: 'సంస్థాపకుల ఆశయాలకు అనుగుణంగా పనిచేసిన సిబ్బందిలో ఒకరు.'

ప్రిన్సిపాల్ గదికి తాళం వేసి ఉంది. ఆయన అలంకరణ పనుల్లో ఉన్నారన్నారు.

గేటుకు అడ్డంగా పెద్ద బ్యానరు కట్టారు: 'మన కళాశాలకు నూరేళ్లు నిండాయి!' దారిన పోయేవాళ్లు ఒకరిద్దరు అది చదివి, అయ్యో పాపం అని నిలబడి వెళ్లారు.

పదిహేనో తారీఖున సభ దివ్యంగా జరిగింది. మొదటి బ్యాచ్ విద్యార్థినికి సన్మానం అని కార్డులో వేశారు కనక, అత్తగారి కోసం కారు వచ్చింది. వెళ్లొద్దని కోడలు బతిమాలింది. "వెళ్తాను. నాక్కూడా రెండు మాటలున్నాయి," అంది అత్తగారు. ఇస్త్రీ చీర కట్టుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మెట్లెక్కి వేదిక మీద కూర్చుంది.

"నూట పద్దెనిమిదేళ్ల ఈ తల్లి మన కాలేజీ కన్న బిడ్డ!" అని మంత్రిగారు శాలువా కప్పారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అత్తగారు మైకు అందుకుంది. లైబ్రేరియనమ్మ ముందు వరసలో చీర కొంగు పిడికిట్లో నలిపేస్తూ కూర్చుంది.

"బాబూ, అందరూ వినండి. నాకు ఎనభై ఏళ్లు. నూట పద్దెనిమిది కాదు. ఈ కాలేజీ పెట్టింది డాక్టరమ్మ. ఈయన తాతగారు పెట్టింది సారా కొట్టు."

ప్రిన్సిపాల్ మొహంలో నెత్తురు చుక్క లేదు. అటువంటి క్షణాల్లోనే నాయకుడనేవాడు బయటపడతాడు. మంత్రిగారు మెల్లగా మైకు తీసుకుని, పెద్దావిడ భుజం మీద చెయ్యి వేసి, జనం వైపు తిరిగారు.

"విన్నారా? నూట పద్దెనిమిదేళ్లొచ్చినా ఈ తల్లి తనకి ఎనభయ్యే అనుకుంటోంది! ఇదీ మన కాలేజీ మందు పవర్!"

చప్పట్లతో షామియానా ఊగిపోయింది. వెనక వరసలవాళ్లు కుర్చీలెక్కారు. మైకు మళ్లీ ఇమ్మని అత్తగారు చెయ్యి చాపింది. ఆ చేతిలో ఎవరో పూలగుత్తి పెట్టారు. మర్నాడు పక్క జిల్లాతో సహా అన్ని పేపర్లలోనూ మంత్రిగారి ఫొటో మొదటి పేజీలోనే వచ్చింది.

మూడు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం వారసత్వ సంరక్షణ శాఖ నుంచి ఒక అధికారి వచ్చి గేటుకి కాగితం అంటించాడు. చట్టప్రకారం నూరేళ్లు నిండిన ప్రతి ప్రభుత్వ సంస్థా జాతి సంపద. దాన్ని ఉన్నదున్నట్టు కాపాడాలి. తరగతులు, వైద్యం, మందుల పంపిణీ వంటి అరుగుదల కలిగించే పనులేవీ అందులో జరపరాదు. పదిహేను రోజుల గడువు.

పదహారో రోజున విద్యార్థులకు మళ్లీ కబురు చేసేదాకా సెలవులిచ్చారు. వార్డులో ఉన్న నలభై మందిని ఇళ్లకు పంపారు. మందులిచ్చే కిటికీకి మేకులు కొట్టి 'ముట్టుకోరాదు' అని బోర్డు పెట్టారు. నెలకోసారి బీపీ బిళ్లలు తెచ్చుకునే అత్తగారు ఎప్పటిలాగే చీటీ పట్టుకుని వెళ్లింది. కాపలావాడు ఆవిణ్ణి గుర్తుపట్టి లేచి సెల్యూట్ చేశాడు.

"నూట పద్దెనిమిదేళ్ల అమ్మగారు కదా! లోపల చూస్తారా? పెద్దవాళ్లకి టిక్కెట్ లేదండి."

"బిళ్లలు కావాలి నాయనా."

"బిళ్లలు కనపడతాయమ్మా. అద్దంలోంచి."

ఆవిడ ఇంటికొచ్చి చీటీ బల్లమీద పెట్టింది. కోడల్ని పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది లైబ్రేరియనమ్మకి. "డాక్టరమ్మ ఉన్న రోజుల్లో ఆ కిటికీ ఒక్కపూటైనా మూయలేదే అమ్మాయ్," అని మాత్రం అంది.

ఆ మాట లైబ్రేరియనమ్మ గుండెలో ముల్లులా దిగింది. మర్నాడే అడ్మిషన్ల రిజిస్టరు, డాక్టరమ్మ రాసిన తొమ్మిది ఉత్తరాల నకళ్లు సంచిలో పెట్టుకుని వారసత్వ శాఖ ఆఫీసుకి వెళ్లింది. అధికారి మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, రిజిస్టరు ఓపిగ్గా తిరగేశాడు.

"ఇది చేత్తో రాసిందమ్మా. అది అచ్చులో ఉంది." ఆయన బల్లమీద బంగారు అక్షరాల పుస్తకం ఉంది.

"ఆ అచ్చులో ఉన్నది రాసింది నేనే అండీ. అబద్ధం రాశాను. కావాలంటే నా మీద కేసు పెట్టండి."

"ప్రభుత్వం వేసిన పుస్తకంలో అబద్ధం ఉండదమ్మా. ఉంటే అది విధాన నిర్ణయం అవుతుంది. పైగా బతికున్న సాక్షి ఉన్నారు. ఆ పెద్దావిణ్ణి వేదిక మీద నేనూ చూశాను."

"ఆవిడ మా అత్తగారండీ!"

"అదృష్టవంతులు," అన్నాడాయన మనస్ఫూర్తిగా.

ఇక మిగిలింది మంత్రిగారే. లైబ్రేరియనమ్మ ఆయన ఇంటి ముందుగదిలో మూడు గంటలు కూర్చుంది. లోపలికి పిలిచేసరికి ప్రిన్సిపాల్ కూడా అక్కడే ఉన్నారు. మంత్రిగారు ఏదో ఉత్తరం చేతిలో పట్టుకుని దిగులుగా ఉన్నారు. ఆవిడ నమస్కారం కూడా చెయ్యకుండా మొదలుపెట్టింది.

"సార్, నాకు రిటైర్మెంటుకి ఇంకా నాలుగేళ్లుంది. ఉద్యోగం పోయినా ఫరవాలేదు. మన కాలేజీకి అరవై రెండేళ్లే. ఇవిగో కాగితాలు. నిజమైనవి. ఒక్క సంతకం కూడా దొంగది కాదు. మీరొక్క మాట చెబితే తాళాలు తీస్తారు. జనం మందుల్లేక తిరిగిపోతున్నారు సార్."

"ఎంతన్నారు?"

"అరవై రెండు."

మంత్రిగారు ఉత్తరం పక్కన పెట్టి, కుర్చీలో ముందుకు జరిగారు. రిజిస్టరు దగ్గరికి లాక్కుని, ఒక్కో పేజీ వెలుతురుకు ఎత్తి చూశారు. పదకొండు పేర్లు, పదకొండు సంతకాలు. తొమ్మిది ఉత్తరాలూ చదివారు. చదువుతున్నకొద్దీ ఆయన మొహం విచ్చుకుంది.

"ఇంత మంచి చరిత్ర పెట్టుకుని ఎందుకమ్మా ఇన్నాళ్లు దాచారు?"

"దాచలేదు సార్. మొదటి మీటింగ్‌లోనే చెప్పాను."

"దీన్ని ఇంకెవరూ వాడలేదుగా?"

"నిజం కాబట్టి ఎవరూ వాడలేదు సార్," అన్నారు ప్రిన్సిపాల్.

"శభాష్. ఇదే కావాలి. ఈ డాక్టరమ్మ ఫొటో పెద్దది చేయించండి. సంస్థాపకురాలంటే ఈవిడే. రేపే ఈ రిజిస్టర్లూ, బీరువాలూ అన్నీ లారీకెక్కించండి. అమ్మా, మీరు దగ్గరుండి చూసుకోవాలి. ఒక్క కాగితం పోకూడదు."

లైబ్రేరియనమ్మ రిజిస్టరు గుండెకి హత్తుకుంది. మంత్రి అయితేనేం, నిజం చూపిస్తే కళ్లు తెరుచుకోని మనిషి ఉండడనుకుంది. కాగితాలన్నీ ఏదో పెద్ద ఆఫీసుకి తనిఖీకి వెళ్తాయని, అక్కణ్ణుంచి తాళాలు తీయమని ఉత్తర్వు వస్తుందని దారంతా అనుకుంటూ ఇంటికి పరిగెత్తింది. సంగతి విని అత్తగారు భూతద్దం పక్కన పెట్టింది. తర్వాత కోడలి చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, "డాక్టరమ్మ బతికుంటే నిన్ను పన్నెండో మనిషిగా చేర్చుకునేదే," అంది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ తలకి గుడ్డ కట్టుకుని అరవై రెండేళ్ల కాగితాల దుమ్ము దులిపి, తాళ్లతో కట్టి, నెంబర్లు వేసి లారీకెక్కించింది. మొట్టమొదటి రిజిస్టరు మాత్రం ఒళ్లో పెట్టుకుని డ్రైవరు పక్కన కూర్చుంది. లారీ ఊళ్లో ఏ ఆఫీసు ముందూ ఆగలేదు. బజారు దాటింది, రైలు గేటు దాటింది. ఇళ్లు పలచబడ్డాయి. చివరికి ముళ్లతీగ కట్టిన ఒక పెద్ద ఖాళీ స్థలం ముందు ఆగింది.

"ఇదెవరి స్థలం బాబూ?" అంది.

"మంత్రిగారి తోడల్లుడిదమ్మా. ప్రైవేటు కాలేజీ కడతారట. పర్మిషన్ కావాలంటే యాభై ఏళ్ల అనుభవం చూపించమన్నారట. నిన్నటిదాకా దానికే తంటాలు పడ్డారు. ఇవాళ పొద్దున్న పర్మిషన్ వచ్చేసిందట." డ్రైవరు కిందికి దిగి చుట్టూ చూశాడు. లోపల గోడ లేదు, కప్పు లేదు, చెట్టు కూడా లేదు. "బీరువాలు ఎక్కడ దించమంటారమ్మా?"

లైబ్రేరియనమ్మ రిజిస్టరుతో కిందికి దిగింది. గేటు పక్కన కొత్తగా పాతిన బోర్డు చూస్తూ నిలబడిపోయింది. రంగు ఇంకా తడిగానే ఉంది. పైన మనిషంత ఎత్తున డాక్టరమ్మ ఫొటో, దాని కింద సంస్థాపకురాలు అని పెద్ద అక్షరాలు. పక్కన కళాశాల స్థాపించిన సంవత్సరం. దాని కింద తొలి బ్యాచ్ పదకొండు మంది పేర్లు వరసగా. ముప్ఫై ఒక్క ఏళ్ల అలవాటు కొద్దీ ఆవిడ అక్షరం అక్షరం రెండుసార్లు చదివింది. ఎక్కడా ఒక్క తప్పు కూడా లేదు.